నడిచిపోయే జనాన్ని నిలబెట్టే నాలుగు గొంతులు: విశాఖ పార్కుల్లో గాత్ర బృందం నడపడం ఎలా

ఆడిటోరియంలో పాడేవాళ్లకు ఒక సుఖం ఉంది. వినేవాడు కుర్చీలో కూర్చుని పాట అయ్యేదాకా కదలడు. పార్కులో వినేవాడి ఒక చేతిలో మురీ మిక్చర్ పొట్లం, రెండో చేతిలో పిల్లాడి చెయ్యి ఉంటాయి. కాళ్లు టాయ్ ట్రెయిన్ వైపు నడుస్తూనే ఉంటాయి. పాట ఎంతసేపు ఉండాలి, ఏ శ్రుతిలో పాడాలి, ఎటు తిరిగి నిలబడాలి, దేంతో ఎత్తుకోవాలి అన్న ప్రతి లెక్కా ఆ నడిచే కాళ్ల దగ్గరే మొదలవుతుంది. కచేరీలో మెప్పించే బృందాలు పార్కులో తేలిపోయేది గొంతులు బాగోలేక కాదు, ఈ లెక్క వేసుకోకనే.

ఈ పద్ధతి ఎక్కడ కుదురుకుంది

కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో డిస్నీల్యాండ్‌ను 1955 జులై 17న తెరిచారు. లోపలికి అడుగు పెట్టగానే వచ్చే మెయిన్ స్ట్రీట్‌ను 1900 ప్రాంతపు చిన్న ఊరి బజారులా కట్టారు. ఆ బజారుకు ఆ కాలపు పాటే కావాలని 1959లో డాపర్ డాన్స్ అనే నలుగురు గాయకుల బృందాన్ని పెట్టారు. చారల దుస్తులు, గడ్డి టోపీలు, వాద్యాలు లేని పాట. 1971లో ఫ్లోరిడాలో మ్యాజిక్ కింగ్‌డమ్ తెరిచినప్పుడు అక్కడా అదే పేరుతో బృందం వచ్చింది. వాళ్లు వేదిక ఎక్కి జనం కోసం ఎదురుచూడరు. వీధిలో తిరుగుతూ, జనం ఉన్నచోట ఆగి పాడి ముందుకు సాగుతారు. మధ్యమధ్య స్వరం పలికే లోహపు గొట్టాలను (వీటిని డీగన్ ఆర్గన్ చైమ్స్ అంటారు) చేత్తో ఊపి వాయిస్తారు. ఒక్కొక్కరి దగ్గర కొన్ని స్వరాలే ఉంటాయి కాబట్టి నలుగురూ కలిస్తేనే వరుస పూర్తవుతుంది. ఆ చిన్న చమత్కారం చూడ్డానికే పిల్లలు ఆగిపోతారు, పిల్లలు ఆగితే పెద్దవాళ్లు ఆగక తప్పదు.

వాళ్లది బార్బర్‌షాప్ పద్ధతి, అంటే వాద్యం లేకుండా నాలుగు గొంతులు నాలుగు వరుసల్లో కలిసి పాడటం. ఈ పాటను కాపాడాలని 1938 ఏప్రిల్‌లో ఓక్లహోమా రాష్ట్రంలోని తల్సాలో ఓ.సి.క్యాష్, రూపర్ట్ హాల్ కలిసి ఒక సంఘం పెట్టారు. అయితే దీని వేళ్లు నల్లజాతి అమెరికన్ల పాటలో ఉన్నాయని పరిశోధకుడు లిన్ ఆబట్ 1992లో ఆధారాలతో చూపించాడు. అదే సంఘం 1963 దాకా నల్లవారిని సభ్యులుగా చేర్చుకోలేదు. ఎవరి పాటను కాపాడతామన్నారో వాళ్లనే గడప బయట నిలబెట్టారన్నమాట.

రెండో దారి పెద్ద బృందగానానిది. 1958 క్రిస్మస్‌కు డిస్నీల్యాండ్‌లో చార్లెస్ హర్ట్ నాయకత్వంలో కొవ్వొత్తులు పట్టుకుని పాడుతూ నడిచే ఊరేగింపు మొదలైంది. మూడోది మాకు అన్నిటికన్నా పనికొచ్చేది. ఫ్లోరిడాలో ఎప్‌కాట్ 1982 అక్టోబరు 1న తెరిచినప్పుడు అమెరికా మండపంలో వాయిసెస్ ఆఫ్ లిబర్టీ పాట మొదలైంది. డెరిక్ జాన్సన్ కూర్చిన ఎనిమిది వరుసల పాటను గోపురం కింద నిలబడి మైకు లేకుండా పాడతారు, జనం నేలమీదే కూర్చుంటారు. లోపల ఆట మొదలయ్యేదాకా వేచి ఉండే వాళ్లకు ఈ పాట ముందస్తు వినోదం. అంటే ఎలాగూ ఆగి ఉన్న జనాన్ని వాళ్లు వాడుకుంటున్నారు. ఇక 2010లో ఫ్లోరిడాలోని యూనివర్సల్ పార్కులో కప్పల కోయిర్ వచ్చింది. హ్యారీ పోటర్ బడి విద్యార్థుల వేషంలో ఉన్న ఇద్దరు గాయకుల చేతుల్లో దిండ్ల మీద పెద్ద బొమ్మ కప్పలుంటాయి, పాటలో కింది వరుస బెకబెకలు వాటివి.

మనకు ఇవేవీ మరీ పరాయి సంగతులు కావు. బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. ఉత్తరాంధ్ర తప్పెటగుళ్ల బృందం గుండెకు గుల్ల కట్టుకుని గుండ్రంగా తిరుగుతూ పాడుతుంది. దారినపోయేవాణ్ణి నిలబెట్టే విద్య మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉంది. లేనిదల్లా ఒకే మాటను నాలుగు వేరువేరు స్వరాల్లో ఒకేసారి పలకడం, అంటే హార్మొనీ.

మనుషులు

నలుగురు కనిపించాలంటే ఆరుగురిని తయారు చేసుకోండి. ఒక జలుబుతో సెట్ (ఒక విడత పాటలు) ఆగిపోకూడదు. లీడ్‌కు (అసలు పాట పాడే వరుస) ఇద్దరు, బేస్‌కు (అట్టడుగు వరుస) ఇద్దరు, మిగిలిన ఇద్దరూ టెనర్ (లీడ్ పై వరుస), బారిటోన్ (మధ్య ఖాళీలు నింపే వరుస) రెండూ పాడగలిగినవాళ్లు. నాలుగు వరుసల పాట అలవాటున్నవాళ్లు విశాఖ చర్చి కోయిర్లలో దొరుకుతారు. మాట స్పష్టంగా, ఎదురుగా ఉన్నవాడి కళ్లలోకి చూసి పాడగలిగే లీడ్ మాత్రం భజన బృందాల్లోనో, హరికథ, బుర్రకథ తెలిసినవాళ్లలోనో దొరుకుతాడు. ఈ రెండు రకాలవాళ్లు కలిస్తేనే పార్కు బృందం. అందరూ కోయిర్‌వాళ్లయితే పాట అందంగా ఉంటుంది, ఎవరూ ఆగరు. అందరూ భజనవాళ్లయితే జనం ఆగుతారు గానీ నాలుగు వరుసలూ రెండో చరణానికి ఒక్కటైపోతాయి.

శ్రుతి

ఎక్కువ బృందాలు మొదటి తప్పు ఇక్కడే చేస్తాయి. మగ గాయకుడు విడిగా ఒకటో (కీబోర్డు మీద C) ఒకటిన్నరో (C#) శ్రుతి పెట్టుకుంటాడు. నాలుగు వరుసలకు అది పనికిరాదు. ఒకటి శ్రుతిలో బేస్ మంద్ర షడ్జం (కింది స్థాయి 'స') పట్టాలంటే దాదాపు 65 హెర్ట్జ్‌కు దిగాలి. ఆ స్వరం గదిలోనే సరిగా నిలవదు, బయట గాలిలో అసలు వినపడదు. నాలుగు శ్రుతికి (F) వెళ్లండి. బేస్ మంద్ర షడ్జం 87 హెర్ట్జ్ దగ్గర నిలుస్తుంది, లీడ్ మధ్య షడ్జం నుంచి తార షడ్జం వరకు హాయిగా తిరుగుతాడు, టెనర్ తార స్థాయి అంచున దొంగగొంతుతో తేలిగ్గా పాడతాడు. టెనర్ గట్టిగా పాడకూడదు. అది లీడ్ మీద పరిచిన పలచని మీగడలా ఉండాలి.

శ్రుతి పెట్టుకోవడానికి పిచ్ పైప్ ఒకటి చాలు. చేతిలో ఇమిడే గుండ్రటి పరికరం, 13 స్వరాలు, ఒక స్థాయి మొత్తం ఉంటుంది. ఫోన్ యాప్ కూడా పనిచేస్తుంది కానీ, జనం ముందు ఫోన్ తీసి తెర తడుముతుంటే ఎదురుగా ఉన్నవాడు తన ఫోన్ తీస్తాడు. ఇక వాడు మన చేతిలో లేడు.

వరుసలు కూర్చడం

మోహన రాగంలో ఒక ముగింపు తీసుకుందాం. లీడ్ పాడేది గ, ప, గ, రి, స. నలుగురి స్వరాలూ ఇలా పెట్టవచ్చు:

టెనర్: ప, తార స, ప, ప, గ
లీడ్: గ, ప, గ, రి, స
బారిటోన్: స, గ, స, మంద్ర ప, మంద్ర ప
బేస్: మంద్ర స, మంద్ర స, మంద్ర స, మంద్ర ప, మంద్ర స

నాలుగో అడుగు చూడండి. లీడ్ రిషభం మీద ఉన్నాడు, మిగతా ముగ్గురూ పంచమం మీదే ఉన్నారు. పాశ్చాత్య పద్ధతి తెలిసినవాడి చెయ్యి అక్కడ నిషాదం పెట్టడానికి దురద పెడుతుంది, పెడితే నిండుగానే ఉంటుంది. కానీ మోహనంలో నిషాదం లేదు. ఆ ఒక్క స్వరంతో ముందు వరసలో ఉన్న పెద్దాయన ముఖం ముడుచుకుంటుంది. ఖాళీగా వదిలేయండి. ఆ ఖాళీ తర్వాత వచ్చే చివరి గాంధారం రెట్టింపు తియ్యగా వినిపిస్తుంది.

బార్బర్‌షాప్‌కు ప్రాణమైనది, ఒకేసారి మోగే నాలుగు స్వరాల కూర్పు స, గ, ప, ని. ఈ నిషాదం కైశికి (కాస్త కిందుగా పలికేది) కావాలి, గాంధారం అంతర గాంధారం (పైన పలికేది). ఆ రెండూ ఉన్న హరికాంభోజి, దాని జన్యాల్లో కట్టిన పాటలకు ఇది సహజంగా అతుకుతుంది. శంకరాభరణం వరుసలో ఉన్నవి తేలిక. తోడి లాంటివాటి జోలికి పోకండి. అక్కడ స్వరం గమకంలోనే (స్వరాన్ని ఊపడంలోనే) బతుకుతుంది, ఒక చోట నిలబడదు, నిలబడని స్వరం మీద ఇంకో మూడు స్వరాలు పేర్చలేం. మామూలు పాటల్లో కూడా గమకం లీడ్‌కే వదిలి, మిగతావాళ్లు స్వరం నిటారుగా పట్టుకోవాలి.

ఒక అదృష్టం మన భాషదే. తెలుగు మాట దాదాపు ఎప్పుడూ అచ్చుతో ముగుస్తుంది, కూర్పు మోగేది అచ్చు మీదే. అందుకే నలుగురి నోళ్లూ ఒకే ఆకారంలో ఉండాలి. ఒకరి 'ఏ' శ్రీకాకుళం వైపుదీ ఇంకొకరిది గుంటూరు వైపుదీ అయితే స్వరం సరిగ్గా ఉన్నా కూర్పు మోగదు. అద్దం ముందు నిలబడి దీర్ఘాచ్చులు ఒక్కొక్కటే సరిచూసుకోండి. 'స', 'ష' మాత్రం లీడ్ ఒక్కడే స్పష్టంగా పలకాలి. నలుగురూ పలికితే నాలుగు క్షణాల్లో నాలుగు బుసలు.

శ్రుతి కలపడం

కీబోర్డుతో సాధన చేయకండి. కీబోర్డు గాంధారం స్వచ్ఛమైన గాంధారం కన్నా 14 సెంట్లు ఎక్కువ. పైన చెప్పిన కూర్పులో కైశికి నిషాదం మోగాలంటే కీబోర్డు మెట్టుకు 31 సెంట్లు దిగువన పాడాలి. (సెంటు అంటే అర స్వరంలో నూరో వంతు.) ఆ నాలుగు స్వరాల నిష్పత్తి 4:5:6:7. తంబురా పక్కన కూర్చుని పాడినవాడికి ఇది కొత్త కాదు. మంద్ర తీగ మీటితే స్వయంభువుగా వినిపించే గాంధారం ఇదే. కాబట్టి తంబురా గానీ శ్రుతిపెట్టె గానీ పెట్టుకోండి.

సాధన క్రమం ఇది. ముందు ప్రతి ఒక్కరూ తన వరుసను శ్రుతి మీద ఒంటరిగా పాడాలి. తర్వాత లీడ్, బేస్ జంటగా. వాళ్లిద్దరి మధ్య షడ్జ, పంచమాలు గోడ కట్టినట్టు కుదరాలి. తర్వాత టెనర్. బారిటోన్ చివర్న. మిగిలిపోయిన స్వరాలన్నీ అతని వాటా, అతని వరుస విడిగా వింటే పాటలా ఉండదు, అందుకే నేర్చుకోవడం కష్టం. నిజం చెప్పాలంటే బృందంలో చెవి అందరికన్నా బాగున్నవాణ్ణి బారిటోన్‌లో పెట్టాలి. చాలామంది అక్కడ మిగిలినవాణ్ణి పెడతారు. వారానికి రెండుసార్లు, రెండేసి గంటలు పాడితే ఎనిమిది వారాల్లో ఆరు పాటలు సిద్ధం చేయవచ్చు.

పాట అయ్యాక పిచ్ పైప్ ఊది చూడండి. వాద్యం లేని పాట కొద్దిగా దిగడం మామూలే. అర స్వరం దిగితే మాత్రం తప్పు వెతకాలి. ఎక్కువగా కారణాలు మూడు: అవరోహణలో ప్రతి మెట్టూ కాస్త ఎక్కువగా దిగడం, ఒకే స్వరాన్ని నాలుగైదు అక్షరాల పాటు పలికేటప్పుడు ఊపిరి సడలడం, ఎండలో మూడో సెట్‌కు వచ్చే అలసట. ఎంత సాధించినా ఒక పాట దిగుతూనే ఉంటే శ్రుతి అర మెట్టు పైకి మార్చి చూడండి. గొంతు మలుపు తిరిగే చోటు (మామూలు గొంతు దొంగగొంతుగా మారే చోటు) ఆ పాటలో ముఖ్య స్వరం మీద పడుతుంటే ఇలా మార్చడంతోనే కుదురుతుంది.

చోటు ఎంచుకోవడం

ఆరుబయట దూరం రెట్టింపయిన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. లెక్కకు, మీటరు దూరంలో 85 డెసిబెల్స్ పలికే పాట 8 మీటర్లకు 67 అవుతుంది. చుట్టూ జనం సందడి 65 ఉంటే ఆ తర్వాత మాట అర్థం కాదు. మైకు లేకుండా పాడితే మన సభ 8 మీటర్ల అర్ధచంద్రమే. వెనక గోడ ఉంటే ఇంకాస్త సాగుతుంది. అందుకే పచ్చికబయలు మధ్య పాడటం ఫొటోకు బాగుంటుంది, పాటకు కాదు. గోడ, మూలలు, వరండా, పైకప్పున్న ప్రవేశద్వారం వెతకండి.

బీచ్ రోడ్డు వైపు పార్కుల్లో సముద్రం ఆగ్నేయంగా ఉంటుంది. అలల హోరు ఒకే స్వరం కాదు, అన్ని స్థాయిల్లో పరుచుకున్న రొద. హల్లులను ముందు అదే మింగేస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం నుంచి గాలి ఎక్కువగా దక్షిణ, నైరుతి దిక్కుల నుంచి వస్తుంది. గాలికి ఎదురుగా పాడితే శబ్దం పైకి వంగి జనం తలల మీదుగా పోతుంది. గాలి మీ వీపును తాకుతూ జనం వైపు వీచేలా నిలబడండి. చేతిరుమాలు వేలాడదీసి చూస్తే అర నిమిషంలో తెలిసిపోతుంది. సముద్రానికి వీపు పెట్టాల్సివస్తే మధ్యలో కట్టడమో గోడో ఉండేలా చూసుకోండి, లేకపోతే గాలి సాయం చేసినా హోరు ముంచేస్తుంది. సాయంత్రం సూర్యుడు మీ కళ్లలో పడినా ఫరవాలేదు, జనం కళ్లలో పడకూడదు.

కైలాసగిరి మీద గాలి ఇంకా ఎక్కువ. శివపార్వతుల విగ్రహాల ముందు జనం ఎప్పుడూ ఉంటారు కానీ, అక్కడ అందరి చూపూ ఫొటో మీదే. టాయ్ ట్రెయిన్ స్టేషన్, రోప్‌వే క్యూ మంచివి. ఎప్‌కాట్ గోపురం కింద చేసినట్టు, ఎలాగూ ఆగి ఉన్నవాళ్లు అక్కడే దొరుకుతారు. రైలు వచ్చిపోయే వేళ చూసుకుని దాని మధ్య ఖాళీలో సెట్ ఇమడ్చండి.

నిలబడటం సూటిగా ఒకే వరసలో కాదు. భుజాలు దాదాపు తగిలేలా వంపుగా నిలబడితే ఒకరి గొంతు ఒకరికి వినపడుతుంది. బేస్, లీడ్ మధ్యలో పక్కపక్కన, మిగతా ఇద్దరూ చివర్లలో. ఆరుబయట శ్రుతి చెడడానికి సగం కారణం పక్కవాడు వినపడకపోవడమే. అప్పుడు ప్రతివాడూ అరుస్తాడు, అరిచిన గొంతు ఎక్కువగా పైకి జారుతుంది.

సెట్

పది నుంచి పన్నెండు నిమిషాలు, నాలుగు పాటలు, ఒక్కోటి రెండు, రెండున్నర నిమిషాలు. మధ్యలో మాట అర నిమిషం దాటకూడదు. మొదటి పాటకు ఆలాపన, పరిచయం ఏమీ వద్దు. నలుగురూ ఒకేసారి నిండు కూర్పుతో, జనానికి తెలిసిన పల్లవి మీద ఎత్తుకోవాలి. నడిచేవాడు మీకు ఇచ్చేది అయిదారు అడుగుల సమయమే. నెమ్మది పాట మూడోదిగా పెట్టండి. జనం అప్పటికి గుమిగూడి ఉంటారు కాబట్టి కదలరు. చివరి పాట చివరి చరణాన్ని పాడుతూ నడిచి వెళ్లిపోండి. అలా కాకుండా నమస్కారం పెట్టి ఆగితే జనం దారికి అడ్డంగా నిలిచిపోతారు, పార్కువాళ్లు రెండోసారి పిలవరు.

చేతులకు ఏదో పని ఉండాలి: చిడతలో, అందెలో, ఇద్దరు పంచుకునే చిన్న లయో. మొత్తం పాటకు కాదు, ఒక్క చరణానికి.

ఇరవై నిమిషాలలోపు పాట, నలభై నిమిషాల విశ్రాంతి. రోజుకు నాలుగైదు సెట్లు మించకండి. మార్చి నుంచి జూన్ దాకా ఉదయం తొమ్మిదిలోపు, సాయంత్రం అయిదు తర్వాతే. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం, అప్పుడు ఒప్పుకునే ప్రతి కార్యక్రమానికీ పైకప్పున్న రెండో చోటు ముందే రాయించుకోండి.

మైకు కావాలా

ఎనిమిది మీటర్లు దాటిన జనానికి కావాలి. నలుగురికీ నాలుగు చేతిమైకులు ఇస్తే ఎవరి శబ్దం వాళ్లదైపోయి కూర్పు విడిపోతుంది. బేస్‌కు మాత్రం తలకు తగిలించుకునే మైకు, మిగతా ముగ్గురికీ మధ్యలో స్టాండ్ మీద ఒకటి చాలు. బయట అందరికన్నా ముందు మాయమయ్యేది బేసే. మైకుకు స్పాంజి తొడుగు తప్పనిసరి, మిక్సర్‌లో 100 హెర్ట్జ్ దిగువ కోసేయండి. బేస్ కింది స్వరం కాస్త పలచబడుతుంది, కానీ దాని పై అనుస్వరాల (దానితోపాటే మోగే పై స్వరాల) వల్ల చెవికి అందుతూనే ఉంటుంది. ఇలా కోయకపోతే గాలి బుడబుడ అంతా స్పీకర్‌లోకి వస్తుంది. స్పీకర్ గాయకులకు ముందు, పక్కగా ఉండాలి. వెనక పెడితే కూత పెడుతుంది.

అనుమతులు, పాటల హక్కులు

విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ వుడా 2018లో వీఎంఆర్‌డీఏ అయింది. ఆ సంస్థ పార్కులకు అక్కడే దరఖాస్తు పెట్టుకోవాలి, నగరపాలక సంస్థ స్థలమైతే జీవీఎంసీకి. దరఖాస్తులో తేదీలు, వేళలు, మనుషుల సంఖ్య, కావాల్సిన చోటు అడుగుల్లో, మైకు ఉందా లేదా, జనం దగ్గర డబ్బు తీసుకుంటారా లేదా అన్నవి రాయండి. చివరిది నోటిమాటగా వదిలితే గేటు దగ్గర గొడవవుతుంది. లౌడ్‌స్పీకర్‌కు విడిగా రాతపూర్వక అనుమతి కావాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట అది నిషిద్ధం.

సినిమా పాటలు పాడితే ప్రదర్శన హక్కులు చూసుకోవాలి. సాహిత్యానికి, బాణీకి హక్కులుంటాయి, లైసెన్సు కోసం రచయితలు, స్వరకర్తల హక్కులు చూసే సంస్థ ఐపీఆర్‌ఎస్‌ను అడగాలి. రచయిత చనిపోయిన ఏడాది ముగిశాక 60 ఏళ్ల వరకు హక్కు నిలుస్తుంది. 1915లో కన్నుమూసిన గురజాడ గేయాలు స్వేచ్ఛగా పాడుకోవచ్చు. అన్నమయ్య పదాల దగ్గరే చాలామంది పొరబడతారు. సాహిత్యం పదిహేనో శతాబ్దానిదే, కానీ మనకు తెలిసిన బాణీల్లో చాలా భాగం ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. జానపదాలదీ అంతే. పాట ఊరిది, సినిమాలో వచ్చిన బాణీ ఊరిది కాకపోవచ్చు. అనుమానమున్న చోట మీ వరుసలు మీరే కొత్తగా కట్టుకోండి, ఎలాగూ నాలుగు గొంతులకు తిరగరాయాల్సిందే.

సెట్ అయ్యాక

ఫోన్‌ను జనం నిలబడే చోట, 8 మీటర్ల దూరంలో పెట్టి రికార్డు చేయండి. బృందం మధ్యలో రికార్డు చేసింది ఎప్పుడూ బాగానే వినిపిస్తుంది, దాన్ని నమ్మకండి. దూరపు రికార్డులో ముందు మాటలు అర్థమవుతున్నాయా, తర్వాత బేస్ ఉందా, ఆ తర్వాతే శ్రుతి చూడండి.

ఉప్పుగాలి మైకు జాలీని, జాక్‌లను తినేస్తుంది. అదే రోజు సాయంత్రం జాలీ విప్పి, పొడిగుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లాలున్న మూతడబ్బాలో పెట్టండి. తడి స్పాంజి తొడుగును మైకు మీదే వదిలేసి డబ్బా మూస్తే వారంలో పచ్చటి తుప్పు కనిపిస్తుంది.